కృత్రిమ మేధయు, చిన్న కార్యాలయమును

తలిదండ్రులు నన్ను కలిసినప్పుడు తరచుగా అడుగు ప్రశ్న యొకటి కలదు. “మా పిల్లవానిని కంప్యూటరు చదువునకు పంపవచ్చునా? ఆ పనులన్నియు ఇక యంత్రమే చేయునని పత్రికలలో వ్రాయుచున్నారు గదా!” అని. ఇట్లడుగువారిలో కొందరు పొలము కుదువపెట్టి కళాశాల జీతము కట్టదలచినవారు. కావున దీనికి వేడుకమాటలతో బదులు చెప్పుట తగదు.

నేను విజయవాడలో ఏడుగురు మనుష్యులతో చిన్న కార్యాలయ మొకటి నడపుచున్నాను. వర్తకులకును, గిడ్డంగులకును, చిన్న వైద్యశాలలకును కావలసిన వెబ్‌సైటులు, లెక్కల సాఫ్టువేరు, తెలుగు ఇంగ్లీషు ప్రకటనలు తయారుచేయుట మా పని. ఇట్టి కార్యాలయమును వాడుకలో ఏజెన్సీ యందురు. కొన్నియేండ్లుగా మా పనిలో నెక్కువ భాగము కృత్రిమ మేధ సహాయముతోనే జరుగుచున్నది. ఆ యనుభవమునుబట్టి నాకు కలిగిన యభిప్రాయమును విద్యార్థులకును, వారి తలిదండ్రులకును, ఉపాధ్యాయులకును విన్నవించుకొనుచున్నాను. అభిప్రాయమును ముందుగనే చెప్పివేసెదను. యంత్రము పనిని చౌక చేసినది. పనిలో తప్పు పట్టగల మనిషిని ప్రియము చేసినది. అట్టి మనిషి తయారగు మార్గమును మాత్రము మావంటి కార్యాలయములవారమే తెలిసియో తెలియకయో మూసివేయుచున్నామని నా భయము.

యంత్రము ఏమి చేయునో క్లుప్తముగా చెప్పవలసియున్నది. 2017 సంవత్సరమున గూగుల్ సంస్థకు చెందిన పరిశోధకులు ట్రాన్స్‌ఫార్మర్ అను క్రొత్త నిర్మాణమును ప్రకటించిరి. ఒక వాక్యములోని ప్రతి మాటకును తక్కిన మాటలతో ఎట్టి సంబంధము గలదో ఒక్కసారిగా లెక్కగట్టుట దాని గుణము. నేటి భాషాయంత్రములు ఆ పునాదిమీదనే కట్టబడినవి. ఓపెన్ ఏఐ అను సంస్థ 2022 నవంబరు 30వ తేదీన చాట్‌జీపీటీని జనుల వాడుకకు విడుదల చేసెను. విస్తారమైన వ్రాతను చదివి, ఒక ముక్క తరువాత ఏ ముక్క వచ్చుటకు అవకాశము గలదో ఊహించుటయే దీని మూలసూత్రము. ఇంత చిన్న సూత్రమునుండి ఉత్తరములు, వ్యాసములు, సాఫ్టువేరు పుట్టుట ఆశ్చర్యకరమే. ఆ యాశ్చర్యమును నేను తక్కువ చేయను. అయితే ఈ యంత్రము తెలిసి చెప్పిన మాటను, తెలియక పూరించిన మాటను ఒకే గొంతుతో చెప్పును. పాఠము చదువని బాలుడు తరగతిలో లేచి నిలిచి తడబడును. ఆ తడబాటే ఉపాధ్యాయునకు గురుతు. యంత్రము తడబడదు.

తెలుగువారికి సంబంధించిన లెక్క యొకటి ఇచ్చటనే చెప్పెదను. యంత్రము మాటలను టోకెనులను ముక్కలుగా ఖండించి చదువును. మావంటివారు చెల్లించు రుసుము కూడ టోకెనుల లెక్కనే. ఆ ముక్కల పట్టిక ఇంగ్లీషు వ్రాతను ఎక్కువగా చూచి తయారు చేయబడినందున తెలుగు మాటలు మిక్కిలి చిన్న తునకలుగా విరిగిపోవుచుండెడివి. 2024 మే నెలలో జీపీటీ-4ఓ వెలువడినప్పుడు ఓపెన్ ఏఐ వారే ఒక పోలికను ప్రకటించిరి. ఒకే యర్థముగల చిన్న పలుకరింపు ఇంగ్లీషున పాత పట్టిక ప్రకారము 27 టోకెనులు, క్రొత్తదాని ప్రకారము 24. తెలుగున పాతదాని ప్రకారము 159, క్రొత్తదాని ప్రకారము 45. అనగా అంతకుముందు ఆ మాటకు ఇంగ్లీషువారికన్న మనము దాదాపు ఆరింతలు చెల్లించుచుంటిమి. తరువాత రెండింతలకు కొంచెము తక్కువ. తెలుగున రోగుల ప్రశ్నలకు బదులు చెప్పు యంత్రము కావలెనని 2023లో ఒక వైద్యశాలవారు అడుగగా, మేము ఖర్చు లెక్కవేసి, ఇప్పుడు వలదని చెప్పితిమి. మరుసటి యేటికి అది అందుబాటులోనికి వచ్చినది. యంత్రమునకు తెలివి పెరుగుటకన్న దాని ధర తగ్గుటయే మా పనిని ఎక్కువగా మార్చినదని నా తలంపు. ఈ సంగతి పత్రికలలో అంతగా కనబడదు.

ఇక అసలు విషయము. గుంటూరు ప్రాంతమున మిరపకాయలను నిలువచేయు శీతల గిడ్డంగులు మెండు. అట్టి గిడ్డంగి యజమాని యొకరు తమ లెక్కల పుస్తకములను కంప్యూటరులోనికి మార్చుమని మా యొద్దకు వచ్చిరి. ఏ రైతు ఎన్ని బస్తాలు తెచ్చెను, ఏ గదిలో పెట్టిరి, అద్దె ఎంత, ఎన్ని విడిపించుకొనెను, చూచుటకు ఇంతే. వెనుకటి రోజులలో నైనచో దీనికి ఇద్దరు మనుష్యులు రెండు నెలలు పని చేయవలసి యుండెడిది. ఈ పర్యాయము యంత్రమునకు విషయము వివరించి చెప్పగా మూడు దినములలో నమూనా సిద్ధమయ్యెను. తెరమీద అందముగా నుండెను. కూడికలు సరిపోయెను. యజమాని సంతోషించిరి.

మా యాచారము ప్రకారము ఆ నమూనాను, దానిని దినదినము వాడబోవు గుమాస్తాగారి ముందు పెట్టితిమి. ఆయన ముప్పది యేండ్లుగా ఆ బల్ల వద్దనే కూర్చున్నవారు. కంప్యూటరు తాకి యెరుగరు. కండ్లద్దములు సవరించుకొని కొంతసేపు చూచి, “బాబూ, అద్దె నెలకు లెక్కకట్టినారేమి? మా యొద్ద బస్తాకు ఇంతయని సీజను లెక్క గదా” అనిరి. అద్దె యనగానే నెల యద్దె యని యంత్రము ఊహించినది. అది చదివిన వ్రాతలో నెక్కువ యద్దెలు నెలకే కాబోలు. పిమ్మట ఆయన రెండవ ప్రశ్న వేసిరి. “రసీదు బ్యాంకులో నున్న బస్తాలను ఎట్లు ఆపుదురు?” రైతు గిడ్డంగి రసీదును బ్యాంకులో కుదువపెట్టి అప్పు తెచ్చుకొనును. బ్యాంకువారి విడుదల పత్రము వచ్చువరకు ఆ బస్తాలు కదలరాదు. నమూనాలో ఆ యడ్డు లేదు. రైతు పేరు నొక్కినంతనే సరకు విడుదల యగును. మూడవది: తండ్రి పేరున పెట్టిన సరకును, ఆయన మరణించిన పిమ్మట కుమారులలో నెవరి చేతికి ఇయ్యవలెను? నాలుగవది: ఒకే ఊరిలో ఒకే యింటిపేరు, ఒకే పేరు గల రైతులు ముగ్గురున్నచో? గుమాస్తాగారు వారిని బస్తాలమీది రంగు గురుతులనుబట్టి పోల్చుకొనుచుండిరి. అది ఏ పుస్తకములోను వ్రాసియుండలేదు. ఇట్టివి మొత్తము పదునొకండు బయటపడినవి.

ఆ పదునొకండింటిలో ఒక్కటియు కంప్యూటరు శాస్త్రమునకు చెందినది కాదు. అన్నింటిని సరిచేయుటకు యంత్రముతో పట్టిన కాలము ఒక పూట. వాటిని తెలిసికొనుటకు పట్టిన కాలము మూడు వారములు. గుమాస్తాగారి పనివేళ ముగిసిన తరువాత, టీ త్రాగుచు, పాత పుస్తకములు తిరుగవేయుచు, ఒక్కొక్కటిగా రాబట్టుకొంటిమి. మేము బిల్లు వేసినది ముఖ్యముగా ఈ మూడు వారములకే.

ఇది క్రొత్తగా కనుగొన్న సంగతి కాదు. ఐ.బి.ఎం. సంస్థలో సిస్టం/360 యంత్రములకు సాఫ్టువేరు నిర్మాణమును నడపిన ఫ్రెడరిక్ బ్రూక్స్ అను నాయన 1975లో ఒక గ్రంథమును, 1986లో ఒక వ్యాసమును వెలువరించెను. ఆలస్యమైన సాఫ్టువేరు పనిలో క్రొత్తవారిని చేర్చినచో అది మరింత ఆలస్యమగునని గ్రంథములోని ప్రసిద్ధమైన మాట. ఈ పనిలోని కష్టము రెండు విధములనియు, పనిముట్లు చాలనందున కలుగు కష్టము పోగొట్టవచ్చును గాని, విషయమునందే ఇమిడియున్న కష్టము ఏ పనిముట్టుతోను పోదనియు వ్యాసములోని వాదము. కృత్రిమ మేధ వచ్చినందున ఆ వాదమునకు కాలము చెల్లినదని కొందరనుచున్నారు. నాకట్లు తోచదు. మొదటి విధమైన కష్టము నిజముగా చాలవరకు పోయినది. పోయినందుననే రెండవది తెర తీసినట్లు కనబడుచున్నది. 2025 ఫిబ్రవరిలో ఆంద్రే కర్పతి అను ప్రసిద్ధ నిపుణుడు, వ్రాసినదానిని చదువకయే యంత్రముతో సాఫ్టువేరు కట్టించు పద్ధతికి ‘వైబ్ కోడింగ్’ అని పేరు పెట్టెను. వాడి పారవేయు చిన్న ప్రయోగములకు ఇది చాలునని ఆయన తలంపు. ఆ మేరకు నాకును సమ్మతమే. కాని రైతు బస్తాలు వాడి పారవేయునవి కావు.

భాష విషయమునను ఇట్లే యున్నది. ఒక మిరప వర్తకుని ప్రకటనను ఇంగ్లీషునుండి తెలుగునకు మార్చవలసి వచ్చెను. తొడిమ తీసిన కాయలను ఇంగ్లీషున స్టెమ్‌లెస్ అందురు. యంత్రము దానిని ‘కాండము లేని మిరపకాయలు’ అని వ్రాసినది. వ్యాకరణదోషము లేదు. నిఘంటువు ముందుంచుకొని చూచినచో తప్పనియు చెప్పజాలము. యార్డులో ఆ మాట చదివిన రైతు మాత్రము నవ్వును. నవ్వి ఊరకుండడు, ఈ వర్తకునకు సరకు తెలియదని నిశ్చయించుకొనును. రంగు పోయి తెల్లబారిన కాయలను మన రైతులు ‘తాలు’ అందురు. యంత్రము ‘వివర్ణమైన ఫలములు’ అనినది. ఈ మాటలు మా కార్యాలయమున అందరికన్న చిన్నదగు అమ్మాయికి తెలిసినవి, ఏలయన ఆమె తండ్రి మిరప రైతు. పట్టణమున పుట్టి పెరిగిన పెద్ద ఉద్యోగులకు తెలియలేదు. పల్లెలనుండి వచ్చి చదువుకొను బాలబాలికలు తమ యింటి మాటలను చూచి సిగ్గుపడుట నేనెరుగుదును. ఆ మాటలు ఇప్పుడు జీతము తెచ్చు మాటలైనవి.

తప్పు పట్టుట ఎందుకింత ప్రియమైనదో తెలియవలెనన్న న్యాయస్థానముల వైపు చూడవలెను. 2023 జూన్ నెలలో న్యూయార్కునందు ఇద్దరు న్యాయవాదులకును, వారి సంస్థకును కలిపి 5,000 డాలర్లు జరిమానా పడినది. ఎప్పుడును జరుగని వ్యాజ్యముల తీర్పులను చాట్‌జీపీటీ కల్పించి యియ్యగా వారు సరిచూడక న్యాయమూర్తి ముందుంచిరి. యంత్రమును వాడుట దోషము కాదని ఆ న్యాయమూర్తి స్పష్టముగానే చెప్పెను, సరిచూడకపోవుట దోషమనెను. 2024 ఫిబ్రవరిలో కెనడా దేశమున బ్రిటిష్ కొలంబియాలోని యొక న్యాయసభ ఇంకొక తీర్పు నిచ్చెను. ఎయిర్ కెనడా విమాన సంస్థవారి వెబ్‌సైటులో బదులు చెప్పు యంత్రము, బంధువు మరణించినప్పుడు ఇచ్చు ధర తగ్గింపును ప్రయాణమైన పిదప కూడ కోరవచ్చునని ఒక ప్రయాణికునకు చెప్పినది. సంస్థ నియమము అట్లు లేదు. యంత్రము చెప్పిన మాటకు తాము బాధ్యులము కామని సంస్థవారు వాదించిరి. వెబ్‌సైటులోని ప్రతి మాటకును, అది ఏ రూపమున నున్నను, సంస్థయే బాధ్యురాలని తీర్పు. ఇప్పించిన పరిహారము 650 డాలర్లు మాత్రమే; కాని ఆ తీర్పు మావంటివారి మెడకు చుట్టుకొనునది. వర్తకుని వెబ్‌సైటులో అట్టి యంత్రమును పెట్టునది మేమే గదా!

పెద్ద సంస్థలకును ఈ పాఠము తప్పలేదు. 2025 అక్టోబరులో డెలాయిట్ సంస్థ, ఆస్ట్రేలియా ప్రభుత్వమునకు దాదాపు 4,40,000 ఆస్ట్రేలియా డాలర్లకు వ్రాసి యిచ్చిన నివేదికలో లేని గ్రంథముల పేర్లు, పలుకని మాటలు దొరలినందున సొమ్ములో కొంత తిరిగి యియ్యవలసి వచ్చెను. అంతటి సంస్థ కొంత సొమ్ము తిరిగి యిచ్చి నిలువగలదు. ఏడుగురు గల కార్యాలయమునకు అట్టి దినము వచ్చినచో మరునాడు తలుపు తెరువనక్కరలేదు.

ఈ కారణముచేతనే ధర విషయమున నేను వర్తకులతో గట్టిగా మాటాడుచుందును. “యంత్రమే చేసినది గదా, సగము పుచ్చుకొనుడు” అని కొందరందురు. పనిగంటల లెక్కన బిల్లు వేయు పాత పద్ధతి ప్రకారమైతే వారి మాట న్యాయమే. ముప్పది దినముల పని మూడు దినములైనప్పుడు ముప్పది దినముల కూలి అడుగుట మోసము. కాబట్టి గంటల లెక్కను మేము విడిచిపెట్టితిమి. యంత్రమును ఎచ్చటెచ్చట వాడితిమో ఒప్పందములోనే వ్రాసి యిచ్చుచున్నాము. మేము అమ్మునది పూచీ యనియు, తప్పు కనబడినచో అర్ధరాత్రి వచ్చి సరిచేయువారము మేమే యనియు చెప్పుచున్నాము. కొందరు ఒప్పుకొందురు. కొందరు చౌకగా చేయువారి యొద్దకు పోవుదురు. వారిలో కొందరు మరల వచ్చెదరు, కొందరు రారు. రాని వారందరును నష్టపడిరని నేననను. చిన్న దుకాణపు చిరునామా, ఫోను నంబరు చూపు వెబ్‌సైటునకు మావంటి కార్యాలయము నిజముగా అక్కరలేదు. ఆ పని పోయినది, పోవలసినదే.

పని త్వరితమైనదని మన మనస్సు చెప్పు మాటను కూడ నమ్మరాదు. మీటర్ అను పరిశోధన సంస్థవారు 2025 జూలైలో ఒక పరీక్ష ఫలితమును ప్రకటించిరి. తాము చిరకాలముగా ఎరిగిన సాఫ్టువేరు మీద పని చేయు 16 మంది నిపుణులకు 246 పనులిచ్చి, కొన్ని యంత్రసహాయముతోను, కొన్ని అది లేకయు చేయించిరి. యంత్రముతో నూటికి 24 వంతుల కాలము తగ్గునని వారు ముందుగా అంచనా వేసిరి. పని ముగిసిన పిదప, నూటికి 20 వంతులు తగ్గినదని చెప్పిరి. గడియారము చెప్పినది వేరు: నూటికి 19 వంతులు ఎక్కువ పట్టినది. ఆ పరీక్ష 2025 ఆరంభమునాటి యంత్రములతో జరిగినది, మనుష్యులు కొలది, కావున యంత్రము ఎప్పుడును ఆలస్యము చేయునని దీనినుండి తేల్చుట సరికాదు. నాకు ముఖ్యమైనది అంచనాకును గడియారమునకును నడుమ గల యెడము. ఇది చదివినప్పటినుండి మా కార్యాలయమున ప్రతి పనికిని మొదలు, ముగింపు వేళలను చేతితో పుస్తకములో వ్రాయుచున్నాము. ఆ పుస్తకము ప్రకారము, క్రొత్తగా కట్టు పనులలో యంత్రము కాలమును మిక్కిలి మిగిల్చుచున్నది. పాత పనులకు మరమ్మతు చేయుటలో మిగులు స్వల్పము, కొన్నిచోట్ల లేదు.

ఇక నా భయమునకు వచ్చెదను. ఆరంభకులకు యంత్రము మేలే చేయునని చూపు పరిశోధన యొకటి కలదు. ఎరిక్ బ్రిన్యోల్ఫ్‌సన్ మొదలగు ఆర్థికశాస్త్రజ్ఞులు 2023లో దానిని వెలువరించిరి. వాడుకదారుల ప్రశ్నలకు బదులు చెప్పు ఐదువేలకు పైబడిన ఉద్యోగులను పరిశీలింపగా, యంత్రము వలన సగటున నూటికి 14 వంతుల పని పెరిగెను. అనుభవము లేని వారికి సుమారు మూడవ వంతు పెరిగెను. ఆరితేరిన వారికి పెద్దగా పెరుగలేదు. ఇది శుభవార్తయే. అయితే దాని కారణము గమనింపదగినది. ఆరితేరినవారు ఎట్లు బదులు చెప్పుచుండిరో వారి పాత సంభాషణలనుండి యంత్రము గ్రహించి, క్రొత్తవారికి అందించినది. వెనుకటి నిపుణులు యంత్రము లేనప్పుడు తయారైనవారు. నేటి క్రొత్తవాడు పదియేండ్లకు నిపుణుడగునా, లేక పదియేండ్లు యంత్రము చెప్పినది వల్లించిన క్రొత్తవాడుగనే మిగులునా? ఆ పరిశోధన ఈ ప్రశ్నకు బదులు చెప్పదు. చెప్పుటకు కాలము చాలలేదు.

మా వృత్తిలో ఈ ప్రశ్న నిప్పువలె నున్నది. ఇదివరకు కళాశాలనుండి వచ్చిన వానికి మొదటి రెండేండ్లు ఇచ్చు పనులేవి? చిన్న పుటలు కట్టుట, లెక్కల పట్టికలు సరిచూచుట, ప్రకటనల తొలిప్రతి వ్రాయుట, ఇతరులు వ్రాసిన సాఫ్టువేరును పరీక్షించుట. వానిలో లాభము తక్కువ, నేర్పు ఎక్కువ. సరిగా ఆ పనులనే యంత్రము ముందుగా పుచ్చుకొన్నది. యజమాని లెక్క సులభము: ఆరంభకుని నెల జీతములో స్వల్పభాగముతో యంత్రము ఆ పని చేయును, కావున ఆరంభకుడు వలదు. ఒక్క యేటి లెక్కలో ఇది సరియే. పదియేండ్ల లెక్కలో, నేడు తప్పు పట్టుచున్న మా పెద్దవారు విరమించునప్పటికి వారి చోట కూర్చుండువాడు ఉండడు. ఒక్క కార్యాలయము ఇట్లు చేసిన నష్టము లేదు. అన్నియు చేసినచో, ఒకరు నేర్పినవానిని ఇంకొకరు తీసికొందమను ఆశకును తావులేదు.

మన తెలుగుదేశమునందే దీనికి తగిన పాత ఉదాహరణ కలదు. ఛార్లెస్ ఫిలిప్ బ్రౌన్ కడపలో ఉద్యోగము చేయు కాలమున అచ్చట బంగళా యొకటి కొని, అందు పండితులను, లేఖకులను జీతములిచ్చి ఉంచి, తాళపత్ర గ్రంథములకు ప్రతులు వ్రాయించెను. వేమన పద్యములను 1829లో అచ్చొత్తించెను. తెలుగు ఇంగ్లీషు నిఘంటువును 1852లో వెలువరించెను. ఒక విధముగా నది చిన్న కార్యాలయమే. లేఖకుని ప్రతి నమ్మదగినది కాదని ఆయనకు తెలియును. అందుచేత ఒకే గ్రంథమునకు పెక్కు ప్రతులు తెప్పించి, జూలూరి అప్పయ్య మొదలగు పండితులచేత పాఠములు పోల్పించి, శుద్ధప్రతిని వ్రాయించెడివాడు. మనకు యంత్రము దొరికినది ఆ లేఖకుని చోటునకే. పండితుడు మాత్రము వేరొకచోట, వేరొక విధముగా, చిన్ననాటినుండి గ్రంథములను వల్లెవేసి తయారైనవాడు.

ఈ తలంపుతోనే మా కార్యాలయమున ఏటేట జూన్ నెలలో ఇద్దరు ఆరంభకులను తీసికొనుచున్నాము. మొదటి నెల వారు కంప్యూటరు ముందు కూర్చుండరు. ఎవరికొరకు పని చేయుచున్నామో ఆ దుకాణములోనో, గిడ్డంగిలోనో కూర్చుండి, జరుగుచున్న దానిని పుస్తకములో వ్రాసికొందురు. తరువాతి నాలుగు నెలలు యంత్రసహాయము లేక చిన్న పనులను తామే చేయుదురు. ఆ పనికి వర్తకుడు సొమ్మియ్యడు. ఆ ఖర్చు మాది. పిమ్మట యంత్రము వ్రాసిన దానిని వారి ముందుంచి, తప్పులు వెదకుమందుము. తప్పు ఎన్ని పట్టితివను దానికన్న, తప్పు లేదని నీవు దేనినిబట్టి చెప్పుచున్నావని అడుగుట మా పద్ధతి. ఆరునెలలు గడచిన తరువాతనే యంత్రము వారి చేతికి వచ్చును. అప్పుడును రెండు కట్టుబాట్లు కలవు. రైతుల ఆధార్ సంఖ్యలు, రోగుల వివరములు బయటి యంత్రమునకు చూపరాదు; వ్యక్తుల సమాచారమును కాపాడుటకు భారత ప్రభుత్వము 2023లో చట్టమును చేసినది, చట్టము లేకున్నను చూపరాదు. రెండవది, అసలు లెక్కలున్న చోటునకు యంత్రమును పోనీయరాదు. 2025 జూలైలో అమెరికాలో ఒక వర్తకుడు రిప్లిట్ అను సంస్థ యంత్రముతో పని చేయుచు, ఏమియు మార్పవలదని ఆజ్ఞాపించి యుండగా, అది వేయికి మించిన వ్యక్తుల వివరములు గల పట్టికను చెరిపివేసినది. తిరిగి తెచ్చుట సాధ్యము కాదని కూడ చెప్పినది. ఆయన ప్రయత్నింపగా సాధ్యమైనది. ఈ కథను మా ఆరంభకులకు మొదటి దినముననే చెప్పుదుము.

తోటి కార్యాలయములవారు ఈ పద్ధతిని చూచి, ఇది వ్యాపారమా ధర్మసత్రమా అని హాస్యమాడుచున్నారు. వారి హాస్యములో కొంత న్యాయమున్నది. ఇద్దరికిని ఆరునెలల జీతము మా వంటివారికి బరువే. ఒక యేడు మంచి పనులు రాకపోయినచో ఇద్దరికి బదులు ఒక్కరినే తీసికొనవలసి యుండును. ఒక్కరినైనను తీసికొనక మానుట మాత్రము నాకు సమ్మతము కాదు.

కావున తలిదండ్రులకు నా బదులు ఇది: చదివింపుడు. కాని కళాశాలలో చేర్చుటకు ముందు, అచ్చట పరీక్షలు ఎట్లు పెట్టుదురో విచారింపుడు. ఇంటినుండి వ్రాసి తెచ్చు పనులకే మార్కులిచ్చు చోట, మీ పిల్లవాని మార్కులు యంత్రపు మార్కులగుటకు అవకాశమెక్కువ. ఎదుట కూర్చుండబెట్టి, కాగితముమీద వ్రాయించి, నోట అడుగు ఉపాధ్యాయులున్న చోటు, భవనములు చిన్నవైనను, మేలైనది. ఈ పాఠశాల ఉపాధ్యాయులతో నాకు మనవి యొకటి కలదు. వ్యాసరచనను, నోటిలెక్కలను, చేతివ్రాతతో సారాంశము వ్రాయుటను, కాలము మారినదని తగ్గింపవలదు. మా యొద్దకు వచ్చిన ఆరంభకులలో, పది వాక్యములలో ఒక సంగతిని తడబడక వ్రాయగలవారే యంత్రమునకు పనిని తేటగా చెప్పగలుగుచున్నారు. పెద్ద డిగ్రీ గలవారిలో కొందరు ఆ పది వాక్యములు వ్రాయలేక, యంత్రమునే ప్రశ్న కూడ వ్రాయుమనుచున్నారు.

నేను పైన చెప్పిన గిడ్డంగి గుమాస్తాగారు వచ్చు వేసవిలో పని విరమింపనున్నారు. ఆయన బల్ల వద్ద మా మిరప రైతు బిడ్డ ఒక నెల కూర్చుండుటకు యజమాని ఒప్పుకొనిరి. మొదట పాత రసీదు పుస్తకములను సంవత్సరముల వరుసను పేర్చుమని ఆయన ఆమెకు చెప్పిరట. అవి ఇరువదియేడు కట్టలు.